మూడో సంక్రాంతికి సుగంధిపాల

ఆకు కోసిన మొక్క మళ్లీ చిగురిస్తుంది. కాయ కోసిన చెట్టు వచ్చే ఏడు మళ్లీ కాస్తుంది. వేరు తవ్విన మొక్క మాత్రం అక్కడితో సరి. మన ఇళ్లలో వాడే మూలికల్లో వేరు మందులు చాలానే ఉన్నాయి గానీ, వాడేటప్పుడు ఈ తేడా మనసులో మెదలదు. మూలికల కొట్టువాడు పొట్లం కట్టి ఇచ్చిన ఎండు వేళ్లను చూస్తే, అవి ఒకప్పుడు ఏ పొద నీడనో పాకిన తీగలని తోచదు. ఈ అధ్యాయం సుగంధిపాల గురించి. ఆ వేరు వాసన అంటే ఇష్టపడే ప్రతి ఇంట్లోనూ ఒక్క మొక్కయినా పెరగాలన్నది నా కోరిక. దానికి కావలసిన జాగా ఒక లోతైన కుండీ, కావలసిన కాలం మూడు సంక్రాంతులు.

మార్చి దాటితే కడప, కర్నూలు, అనంతపురం, తిరుపతి వీధుల్లో నన్నారి బండ్లు కనిపిస్తాయి. గాజు గ్లాసులో ముదురు గోధుమ రంగు పాకం కాస్త పోసి, నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసి, పైన సోడా కొట్టి ఇస్తారు. ఎండన పడి వచ్చినవాడికి మొదటి గుక్కలోనే ప్రాణం లేచి వచ్చే ఆ వాసన ఒక వేరుది. అది ఏ వేరు అన్నది ముందు తేల్చుకోవాలి. నన్నారి పేరుతో మన దగ్గర రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతున్నాయి.

ఒకే పేరు, రెండు మొక్కలు

మొదటిది మన సుగంధిపాల. శాస్త్రవేత్తలు హెమిడెస్మస్ ఇండికస్ అంటారు, సంస్కృత గ్రంథాల్లో సారిబ, అనంతమూలం అని ఉంటుంది. ఇది సన్నటి తీగ. చేల గట్ల మీద, ముళ్ల కంచెల్లో, మామిడి తోటల అంచుల్లో, బీడు భూముల్లో తనంతట తాను మొలుస్తుంది. వేరు పెన్సిలంత లావుంటే గొప్ప, పొడవు మాత్రం వంకర టింకరగా చాలా దూరం పోతుంది.

రెండోది మారేడు గడ్డలు. మాదిన కొమ్ములనీ, బర్రె సుగంధి అనీ కూడా పిలుస్తారు. దీని శాస్త్రీయ నామం డెకలెపిస్ హామిల్టోనియై. దక్షిణ భారతంలోని రాతి కొండల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని తీగ ఇది. వేళ్లు బొటనవేలి కన్నా లావుగా, కండగా ఊరుతాయి. నల్లమల, శేషాచలం కొండల్లో చెంచులు, యానాదులు వీటిని తవ్వి తెస్తారు. కర్ణాటక, తమిళనాడు ఇళ్లలో వీటితో మజ్జిగ ఊరగాయ పెడతారు. మన నన్నారి పాకంలో చాలా భాగం ఈ గడ్డలదే, ఎందుకంటే సన్నటి సుగంధిపాల వేరు కన్నా వీటిలో సరుకు ఎక్కువ.

రెండింటికీ వాసన ఒక్కటే కావడానికి కారణం ఉంది. 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థం రెండు వేళ్లలోనూ ఉంటుంది. వెనిలా పరిమళాన్నిచ్చే వెనిలిన్‌లో ఏ పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో ఇందులోనూ అవే అన్నే ఉన్నాయి, అమరిక ఒక్కటే మారింది. అందుకే ఆ వేరు వాసన చూసిన పిల్లలకు ఐస్‌క్రీమ్ గుర్తుకొస్తుంది.

మారేడు గడ్డల తీగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి ఊరిన గడ్డను పెకలిస్తే తీగ మొత్తం పోతుంది కదా. గిరిజనులు తవ్వడం తప్పని నేను అనను. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించుకుని అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం వారికి ఇచ్చింది. ఆ పని వారి బతుకు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బత్ తయారు చేసి తన దుకాణాల్లో అమ్ముతోంది. సీసా కొనదలచుకుంటే అక్కడ కొనండి, తవ్వినవారికి దగ్గరగా డబ్బు చేరుతుంది. నా అభ్యంతరమల్లా మనలాంటి పట్నవాసులతోనే. శ్రీశైలం దారిలో కారాపి, రెండు తీగలు పీకి సంచిలో వేసుకుని వచ్చే అలవాటు కొందరికి ఉంది. అది పులుల అభయారణ్యం. అక్కడ పుల్ల విరిచినా నేరమే. పైగా ఆ తీగ ఇంటికి చేరేలోపు వాడిపోతుంది. దానితో ఎవరికీ ఉపయోగం లేదు.

కాబట్టి పెంచుకోవడానికి నేను సూచించేది సుగంధిపాలనే. మారేడు గడ్డల తీగకు రాతినేల, ఎక్కువ జాగా, ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. సుగంధిపాల మాత్రం మేడ మీద కుండీలోనూ బతుకుతుంది.

పోల్చుకోవడం

ఈ మొక్కను ఆకు చూసి పోల్చుకోబోతే ముందు తికమక తప్పదు. లేత మొక్కకు ఆకులు సన్నగా, పొడుగ్గా, కత్తి మొనల్లా ఉంటాయి. అదే తీగ ముదిరాక కోలగా, వెడల్పుగా వేస్తుంది. ఒకే తీగ మీద రెండు రకాలూ ఉండవచ్చు. చాలా ఆకుల్లో నడి ఈనె వెంబడి తెల్లటి చార కనిపిస్తుంది. ఆకులు కణుపు కణుపుకూ ఎదురెదురుగా జంటగా వస్తాయి. కాడ తీగె కమ్మీలా సన్నగా, ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, తుంచితే పాలు కారుతాయి. పువ్వులు చాలా చిన్నవి, ఆకు కంటి దగ్గర గుత్తిగా పూస్తాయి. బయటికి ఆకుపచ్చ, లోపల ఊదా. కాయలు సన్నగా పొడుగ్గా, జంటగా, రెండు వైపులకూ చాచుకుని ఉంటాయి. ఎండి పగిలితే నల్లటి చదునైన గింజలు తెల్లటి పట్టు కుచ్చులతో గాలికి ఎగిరిపోతాయి.

పాలు కారే తీగలు మన కంచెల్లో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో విషపువీ ఉన్నాయి. నల్లతీగ, అడవి పాలతీగ అనే రెండింటిని నల్ల సారిబ పేరుతో మూలికల వ్యాపారంలో వాడతారు. వాటికీ జంట ఆకులే, వాటికీ పాలే. తేడా తేల్చేది వేరు. సుగంధిపాల వేరును గోటితో గీకితే పరిమళం గుప్పుమంటుంది, వేళ్లకు అంటుకుని చాలాసేపు పోదు. ఆ రెండింటికీ ఈ పరిమళం ఉండదు. వాసన లేని వేరును ఎంత నమ్మకస్తుడు ఇచ్చినా నోట పెట్టకండి. కొట్టులో కొనేటప్పుడూ ఇదే పరీక్ష. ఒక ముక్క విరిచి, బెరడు నలిపి చూడండి. పరిమళమంతా బెరడులోనే ఉంటుంది, నడిమి పుల్లలో ఉండేది నామమాత్రం. కట్టలో లావు పుల్లలు ఎక్కువై, బెరడు ఊడిపోయి ఉంటే అది పాత సరుకు.

పెద్దలు దేనికి వాడారు

చరక సంహిత సారిబను జ్వరాన్ని తగ్గించే గణంలోనూ, ఒంటి మంటను చల్లార్చే గణంలోనూ చేర్చింది. సుశ్రుతుడు ఏకంగా దీని పేరుతోనే సారిబాది గణమని ఒక వర్గం కట్టాడు. అందులో దీనితో పాటు అతిమధురం, చందనం, వట్టివేరు వంటివి ఉన్నాయి. ఆ తోడు చూస్తేనే దీన్ని ఏ కోవలో లెక్కించారో తెలుస్తుంది. వేడిని తగ్గించే, దాహాన్ని తీర్చే, చర్మానికి మేలు చేసే మందుల కోవ అది. ఆయుర్వేద దుకాణాల్లో నేటికీ దొరికే సారిబాద్యాసవంలో ముఖ్య ద్రవ్యం ఇదే. ఆంగ్లేయులు వచ్చాక, అమెరికా ఖండం నుంచి దిగుమతయ్యే సార్సపరిల్లా వేరుకు బదులుగా దీన్ని వాడి చూశారు. 1864లో వెలువడిన బ్రిటిష్ ఫార్మకోపియాలో ఈ వేరుకు చోటు దక్కింది. దీని పాకాన్ని ఇతర మందులు కలిపి ఇవ్వడానికి వాడేవారు.

మన ఇళ్లలో వాడకం ఇంత గ్రంథస్థమైనది కాదు. వేసవిలో తాగే నీళ్ల కుండలో వట్టివేళ్లతో పాటు రెండు సుగంధిపాల వేళ్లు కట్టి వేసేవారు. ఒళ్లు వేడి చేసిందన్నా, మూత్రం మంటగా ఉందన్నా, పిల్లలకు సెగగడ్డలు లేచాయన్నా వేరు బెరడు నలగ్గొట్టి వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, పటికబెల్లం కలిపి ఇచ్చేవారు. పాలతో కలిపి ఇవ్వడమూ ఉంది. నోటి దుర్వాసనకు చిన్న ముక్క బుగ్గన పెట్టుకునేవారు. స్నానపు పిండుల్లో పరిమళం కోసం కలిపేవారు.

వీటన్నిటినీ కలిపి రక్తశుద్ధి అనే ఒక్క మాట కింద చెప్పడం మనకు అలవాటు. ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలో నేను అనుకునేది చెబుతాను. పెద్దలు చర్మం మీద పైకి కనిపించే బాధలన్నిటికీ లోపలి రక్తమే కారణమనుకున్నారు, వాటిని తగ్గించిన మూలికకు రక్తశోధకమని పేరు పెట్టారు. రక్తంలోని యూరియానో, కొలెస్ట్రాలునో ఈ వేరు కడిగేస్తుందని ఆ మాటకు అర్థం కాదు. ప్రయోగశాలల్లో ఈ వేరు సారం కొన్ని సూక్ష్మజీవులను అణచడం, జంతువుల్లో వాపు తగ్గించడం చూశారు. మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ. అందువల్ల దీన్ని దాహం తీర్చే మంచి పానీయంగా, చిన్న చిన్న బాధలకు ఇంటి ఉపశమనంగా వాడుకోవడం సబబు. చికిత్స జరుగుతున్న జబ్బుకు, వేసుకుంటున్న మాత్రలకు బదులుగా వాడటం సబబు కాదు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పాముకాటుకు ఈ వేరు నూరి పూసే అలవాటు కొన్ని పల్లెల్లో ఉంది. ఈ వేరులోని ఒక పదార్థం రక్తపింజరి జాతి పాము విషం మీద ఎలా పనిచేస్తుందో 1990లలో కలకత్తాలో జంతువుల మీద పరీక్షించిన మాట నిజమే. కానీ అది శుద్ధి చేసిన పదార్థంతో ప్రయోగశాలలో చేసిన పని. కాటు పడిన మనిషికి కావలసింది ఆసుపత్రి, అక్కడ ఎక్కించే పాము విషం విరుగుడు సూది మందు. వేరు నూరుతూ పోగొట్టుకున్న అరగంట మళ్లీ రాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని రోజువారీ అలవాటు చేసుకోవద్దు.

ఏరువాకకు నాటడం

మొక్క సంపాదించడమే ఇందులో మొదటి చిక్కు. మామూలు పూల నర్సరీలో సుగంధిపాల అడిగితే చాలాచోట్ల లేదంటారు. అటవీ శాఖ నర్సరీలను, వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల ఔషధ మొక్కల పరిశోధన కేంద్రాలను అడగండి. హైదరాబాదు బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వపు ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమాప్‌కు పరిశోధన కేంద్రం ఉంది. పల్లెలో చుట్టాలుంటే వాళ్ల చేను గట్టు మీదే ఈ తీగ ఉండవచ్చు. వాళ్లనడిగి ఒక్క మొక్క తెచ్చుకోవడంలో తప్పు లేదు, రెండు మొక్కలున్న చోట ఒకటి వదిలి రండి.

మూడు రకాలుగా దీన్ని పెంచవచ్చు. మొదటిది గింజ. కాయ ముదిరి రంగు మారగానే దాని చుట్టూ పలచని గుడ్డ కట్టండి, లేకపోతే పగిలిన పూటే గింజలు గాలిపాలు. కుచ్చు తీసేసి, ఆలస్యం చేయకుండా ఇసుక కలిపిన మట్టిలో పైపైన చల్లండి. రెండోది కాడ ముక్క. మరీ లేతా మరీ ముదురూ కాని కాడను రెండు మూడు కణుపులతో కోసి, వానాకాలంలో నీడలో నాటాలి. ఇవన్నీ బతకవు, పది పెడితే కొన్నే వేళ్లు పోస్తాయని ముందే అనుకుని పెట్టండి. మూడోది తల ముక్క, అంటే కాడా వేరూ కలిసే చోట మొగ్గలున్న భాగాన్ని జానెడులో సగం వేరుతో సహా తీసి నాటడం. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. త్వరగా నిలదొక్కుకుంటుంది, పైగా వేరు తవ్వుకున్నాక మిగిలిన తలను పారేయకుండా మళ్లీ మొక్క చేసుకునే దారి చూపిస్తుంది.

నాటడానికి ఏరువాక పున్నమి మంచి సమయం. తొలకరి పడి నేల మెత్తబడి ఉంటుంది, ఆపైన నాలుగు నెలలు మొక్కకు నీటి దిగులుండదు. తేదీ గుర్తుండటానికి కూడా పండుగకు ముడిపెట్టడం మేలు. ఏ నెల నాటామో మరిచిపోయినవాళ్లు తొందరపడి తవ్వుతారు.

కుండీ లోతు అడుగున్నరకు తగ్గకూడదు. వెడల్పు కన్నా లోతు ముఖ్యం. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి, పెంకులు పరిచి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నల్లరేగడి ఒక్కటే వేస్తే వానకు బంకగా మారి వేరు కుళ్లుతుంది, ఎండకు బిగుసుకుని వేరు సాగదు. రసాయనిక ఎరువుల అవసరం ఈ మొక్కకు లేదు. మందుగా తీసుకునే వేరుకు పురుగుమందు తగలనివ్వకండి.

ఎండ సగం, నీడ సగం ఉండే చోటు దీనికి ఇష్టం. అడవిలో ఇది పెద్ద చెట్ల కింద, పొదల మధ్య పెరిగేది కాబట్టి మేడ మీద రోజంతా ఎండ తగిలితే ఆకు పసుపెక్కుతుంది. తూర్పు వైపు గోడ పక్కన, లేదా మల్లె పందిరి, కరివేపాకు చెట్టు నీడలో పెట్టండి. పాకడానికి మూడు నాలుగు అడుగుల వెదురు కర్ర గానీ, దారాల అల్లిక గానీ చాలు.

ఏమీ జరగనట్టుండే ఏడాది

మొదటి ఏడాది ఈ మొక్క పెంచేవాళ్ల ఓపికను పరీక్షిస్తుంది. పక్క కుండీలో బీర తీగ పందిరెక్కి కాయలు కాసి ఎండిపోయే సమయానికి ఇది మూరెడు దాటి ఉండదు. పైకి ఏ ఎదుగుదలా కనిపించదు. ఇక ఇది లేవదనుకుని చాలామంది అదే కుండీలో మిరప నారు పోసేస్తారు. సరిగ్గా అప్పుడే కింద వేరు దిగుతూ ఉంటుంది. ఇలాంటి మొక్కను పెంచడానికి నేను చెప్పే ఉపాయం, ఎదుగుదలను కొలవకండి, పనులను మాత్రం రాసుకోండి. ఒక నోటు పుస్తకంలో పేజీ కేటాయించి నెలకొకసారి మూడే సంగతులు రాయండి: కలుపు తీశానా, మట్టి గుల్ల చేశానా, కొత్త కణుపు వచ్చిందా. మూడో దానికి చాలా నెలలు లేదనే రాయాల్సి రావచ్చు. మొదటి రెండూ చేశామంటే మన వంతు చేసినట్టే.

కలుపే ఈ మొక్కకు మొదటి శత్రువు. సన్నటి కాడ కావడంతో గరిక, తుంగ పైకి లేస్తే దాని కింద మునిగిపోతుంది. రెండో శత్రువు మన ప్రేమ, అంటే రోజూ నీళ్లు పోయడం. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, తడి తగిలితే ఆ రోజు పోయనక్కర లేదు. వేసవిలో రెండు మూడు రోజులకొకసారి, చలికాలంలో ఇంకా తక్కువ. ఎండుటాకులు మందంగా కప్పి ఉంచితే నీటి ఖర్చు తగ్గుతుంది.

ఒకనాటి ఉదయం ఆకుల మీద గొంగళి పురుగులు కనిపించవచ్చు. ఒంటి మీద అడ్డచారలు, వీపు మీద మెత్తటి నల్లటి కొమ్ముల్లాంటివి నాలుగు జతలు. కామన్ క్రో అనే నల్లటి సీతాకోక చిలుక పిల్లలివి. ఆ చిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో సుగంధిపాల ఒకటి. మందు కొట్టకండి. అవి ఆకులు సగం తినేసినా వేరుకు ప్రమాదం లేదు, వానలకు మళ్లీ చిగురు వేస్తుంది. మరీ చిన్న మొక్క అయితే కొన్నిటిని చేను కంచెలో ఉన్న తీగ మీదికి చేర్చండి. ఆకు కింద వేలాడే వాటి గూడు వెండి రేకులా మెరుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఆ గూడు ఒక్కటి చాలు, ఈ కుండీ ఎందుకుందని వాళ్లు ఇక అడగరు.

పొలంలో వేయదలచిన రైతులకు రెండు మాటలు. కొబ్బరి, మామిడి తోటల నీడలో అంతర పంటగా ఇది సాగుతుంది, కేరళలో అలా వేసినవాళ్లున్నారు. అయితే చేతికి డబ్బు రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది, తవ్వకానికి కూలి ఎక్కువవుతుంది. కాబట్టి ముందు కొనేవాణ్ణి చూసుకుని, ధర మాట రాసుకుని, ఆ తర్వాతే వేరు నాటండి. 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల బోర్డు, దాని రాష్ట్ర శాఖలు సాగు గురించి సలహా ఇస్తాయి. ఊరికే ఎవరో లక్షలు వస్తాయన్నారని ఎకరాలకు ఎకరాలు వేయవద్దు.

తవ్వకం

ఏరువాకకు నాటిన మొక్కకు మొదటి సంక్రాంతికి ఏడు నెలలు. అప్పుడు ముట్టుకోకూడదు. రెండో సంక్రాంతికి ఏడాదిన్నర దాటుతుంది. ఆత్రమున్నవాళ్లు కుండీ అంచున మట్టి కదిపి ఒక వేరు తీసి వాసన చూడవచ్చు, అంతకు మించి వద్దు. మూడో సంక్రాంతికి రెండున్నరేళ్లు. ఆకు రాలి, గింజ చెదిరి, వేరులో సత్తువ నిలిచి ఉండే చలికాలం అది.

ముందు రోజు సాయంత్రం నీళ్లు పెట్టండి. కుండీ అయితే గోనె పట్టా మీద బోర్లించి, మట్టిని చేత్తో విదిలించండి. లాగకండి, తెగిన వేరు మట్టిలోనే ఉండిపోతుంది. నేల మీద పెంచినది అయితే గునపంతో ఒక పక్క మాత్రమే తవ్వండి. ఈ ఏడు తూర్పు పక్క తవ్వితే, మరో రెండేళ్ల తర్వాత పడమటి పక్క. ఇలా చేస్తే మొక్కకు సగం వేళ్లు మిగులుతాయి, తీగ చావదు. కుండీలో మొక్కకైతే తలభాగాన్ని నాలుగైదు వేళ్లతో సహా పక్కన పెట్టి, మిగతావి కోసుకోండి. పక్కన పెట్టిన తలను ఆ పూటే కొత్త మట్టిలో నాటి, నీడలో ఉంచి, తేమ ఆరకుండా చూడాలి. తల పెద్దదైతే మొగ్గలున్న చోట రెండుగా కోయవచ్చు, అప్పుడు పొరుగింటికి ఒకటి ఇవ్వడానికి వీలవుతుంది.

కోసిన వేళ్లను మట్టి పోయేలా కడిగి, నానబెట్టకుండా వెంటనే తుడిచి, నీడలో గాలి ఆడే చోట పరచండి. ఎండలో పెడితే త్వరగా ఎండుతాయి, కానీ పరిమళం గాలిలో కలిసిపోతుంది. విరిస్తే పెళుక్కుమనే దాకా ఎండనిచ్చి, గాజు సీసాలో మూత బిగించి పెట్టండి. ఒక కుండీ నుంచి వచ్చేది గుప్పెడు వేళ్లే. వేసవికి ఒక పెద్ద సీసా పాకం చేసుకోవడానికి అది చాలు.

పాకం

50 గ్రాముల ఎండు వేరు తీసుకోండి. రోట్లో దంచితే బెరడు ఊడి, నడిమి పుల్ల వేరవుతుంది. పుల్లలు తీసేయండి. 600 మి.లీ. నీళ్లు మరగనిచ్చి, పొయ్యి మీంచి దించి, దంచిన బెరడు అందులో వేసి మూత పెట్టి రాత్రంతా ఉంచండి. వేరును గంటల తరబడి మరిగించే పద్ధతి కొన్ని ఇళ్లలో ఉంది. నేను వద్దంటాను, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ ఆ ఘుమఘుమ పోయేది మన గ్లాసులోంచే. ఉదయాన్నే పలచని గుడ్డలో వడకట్టి పిండితే 500 మి.లీ.కు దగ్గరగా వస్తుంది. రంగు లేత గోధుమ. బజారు పాకమంత నల్లగా లేదని కంగారు పడకండి, ఆ నలుపు చాలాసార్లు మాడ్చిన చక్కెరది.

ఈ నీళ్లలో కిలో చక్కెర పోసి సన్నటి సెగ మీద కరిగే వరకే కలపండి. నీటికి రెండింతల చక్కెర ఉంటే బూజు పట్టకుండా నిలుస్తుంది. తీపి తగ్గించాలని చక్కెర సగం చేస్తే ఆ పాకాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వారంలో ముగించాలి. దించాక ఒక నిమ్మకాయ రసం కలిపితే చక్కెర గడ్డకట్టదు. పూర్తిగా చల్లారాక, తడి లేని గాజు సీసాలో పోసి, తేదీ రాసి అంటించండి.

రెండు పెద్ద చెంచాల పాకంలో దాదాపు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు ఒక గ్లాసు దాటవద్దని నేను చెప్పేది అందుకే. మధుమేహం ఉన్నవాళ్లు పాకం జోలికి పోకుండా, వడకట్టిన వేరునీళ్లనే చక్కెర కలపకముందు ఒక గ్లాసు తీసిపెట్టుకుని, చల్లటి నీళ్లు, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నానిన సబ్జా గింజలు కలిపి అప్పుడప్పుడు తాగవచ్చు. వాళ్లు కూడా ముందు తమ వైద్యుడికి ఒక మాట చెప్పి తాగాలి.